పికప్ చక్రం వెనకవైపు రాసి ఉన్న అంకెలు

అల్లాయ్ వీల్స్ కోసం దుకాణానికి వెళితే మొదట వినిపించే ప్రశ్న “ఎన్ని అంగుళాలు సార్?”. ఆ తర్వాత రంగు. నలుపా, వెండి రంగా, రెండూ కలిసినదా? గోడకు వరసగా తగిలించిన చక్రాలన్నీ ముఖం మనవైపే తిప్పుకుని ఉంటాయి. ఒకదాన్ని కిందికి దించి, వెనక్కి తిప్పి చూపించమని అడిగేవారు అరుదు. ఆ చక్రం మన పికప్‌కు సరిపోతుందో లేదో తేల్చే అంకెలు చాలావరకు ఆ వెనకవైపే, స్పోకుల వీపు మీద, హబ్బుకు (ఇరుసు చివర చక్రాన్ని బిగించే భాగానికి) ఆనే చదును భాగం చుట్టూ పోతపోసి ఉంటాయి.

నేను ఈ సంగతి డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. మూడేళ్ల కిందట నా పికప్ ఇసుజు వీ-క్రాస్‌కు కొత్త చక్రాలు వేయించాను. ఆరు నట్లూ చక్కగా పట్టాయి. టైరు ఎక్కడా రాసుకోలేదు. ఊళ్లో తిరిగినంతసేపు ఏ తేడా తెలియలేదు. మర్నాడు జాతీయ రహదారి ఎక్కి ఎనభై దాటగానే స్టీరింగ్ వణకసాగింది. వంద దగ్గర ఆ వణుకు సీటు కిందికి పాకింది. మూడుసార్లు బ్యాలెన్సింగ్, రెండుసార్లు అలైన్‌మెంట్ చేయించాను. వేయించిన దుకాణంవాళ్లు రోడ్డునూ టైర్లనూ తప్పుపట్టారు. చివరికి వయసు మళ్లిన ఒక మెకానిక్ బండిని జాకీ మీద ఎత్తి, చక్రం ఊడదీసి, వెర్నియర్‌తో ముందు హబ్బును కొలిచాడు. తర్వాత చక్రం నడిమి రంధ్రాన్ని కొలిచాడు. హబ్బు దగ్గర 100 మిల్లీమీటర్లు. రంధ్రం దగ్గర 110. మాటల్లేకుండా వెర్నియర్ నా చేతిలో పెట్టాడు.

పికప్‌కు చక్రం కుదరడం అంటే ఐదు విషయాలు కుదరడం. నట్ల రంధ్రాల వలయం, నడిమి రంధ్రం, ఆఫ్‌సెట్, నట్లు కూర్చునే తీరు, చక్రం మోయగల బరువు. ఇందులో మొదటిది కుదరకపోతే చక్రం మామూలుగా ఎక్కదు కాబట్టి చాలావరకు అక్కడికక్కడే తెలిసిపోతుంది. తక్కిన నాలుగూ కుదరకపోయినా చాలాసార్లు చక్రం ఎక్కుతుంది, బండి కదులుతుంది. ప్రమాదమంతా ఆ నాలుగింటిలోనే ఉంది. మన దుకాణాల్లో జరిగే చర్చ మాత్రం మొదటిదానితోనే ముగిసిపోతుంది.

ఆరు రంధ్రాలన్నీ ఒకటి కావు

నట్ల రంధ్రాల కేంద్రాలన్నిటినీ కలుపుతూ ఒక వలయం గీస్తే దాని వ్యాసమే పీసీడీ. రంధ్రాల సంఖ్యను కలిపి 6×139.7 అని రాస్తారు. 139.7 మిల్లీమీటర్లంటే సరిగ్గా ఐదున్నర అంగుళాలు. మన దేశంలో అమ్మే పెద్ద పికప్‌లలో శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్‌కూ టయోటా హైలక్స్‌కూ ఇదే కొలత. ఫార్చ్యూనర్‌కూ ఇదే. ఫోర్డ్ ఎండీవర్‌కూ ఇదే. అందుకే పాత ఫార్చ్యూనర్ చక్రాలనో, ఎండీవర్ చక్రాలనో చూపించి “మీ బండికి అచ్చంగా పడతాయి” అని అమ్మేవారు ఉంటారు. నట్ల వరకు ఆ మాట నిజమే. తర్వాతి సంగతులు కాసేపట్లో చూద్దాం.

కొలవడం కష్టమేమీ కాదు. ఆరు రంధ్రాల చక్రంలో ప్రతి రంధ్రానికీ ఎదురుగా మరొకటి ఉంటుంది. ఒక రంధ్రం బయటి అంచు దగ్గర టేపు పెట్టి, ఎదుటి రంధ్రం లోపలి అంచు దాకా కొలవండి. అదే పీసీడీ. ఐదు రంధ్రాల చక్రంలో ఎదురెదురు రంధ్రాలుండవు. అక్కడ పక్కపక్క రంధ్రాల కేంద్రాల మధ్య దూరాన్ని 1.701తో గుణించాలి.

అమెరికాలో ఉంటూ పికప్ కొనే మనవాళ్లు దీన్ని మరింత జాగ్రత్తగా చూసుకోవాలి. డాలస్ చుట్టుపక్కల ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అది పికప్‌ల రాజ్యం. అక్కడ ఎక్కువగా కనిపించే ఫోర్డ్ ఎఫ్-150కి 2004 నుంచి 6×135. పక్కనే నిలిపిన షెవర్లే సిల్వరాడో 1500కి 6×139.7. రెండూ ఆరు రంధ్రాల చక్రాలే కాబట్టి కంటికి తేడా తెలియదు. తేడా 4.7 మిల్లీమీటర్లు, అంటే ఒక్కో రంధ్రం దగ్గర రెండు మిల్లీమీటర్ల పైచిలుకు. దాన్ని గాలి గన్నుతో బలవంతంగా బిగిస్తే నట్టు ఒకవైపే ఒరిగి కూర్చుంటుంది, స్టడ్ (హబ్బు నుంచి బయటికి వచ్చి నట్టును పట్టే మర కడ్డీ) వంగుతుంది. బిగిసినట్టే ఉంటుంది, పోను పోను వదులవుతుంది. కొన్ని చక్రాలకు రెండు కొలతలకూ పనికొచ్చేలా పన్నెండు రంధ్రాలు పెట్టి అమ్ముతారు. అవి కొంటే మీ బండికి ఏ ఆరు రంధ్రాలో ముందే గుర్తు పెట్టుకోవాలి.

బండి పేరు చూసి ఊరుకోకుండా తయారైన సంవత్సరమూ చూడాలి. టయోటా టండ్రాకు 2007 నుంచి 2021 వరకు 5×150. 2022లో వచ్చిన కొత్త టండ్రాకు 6×139.7. రామ్ 1500 పాత రూపానికి ఐదు రంధ్రాలు, 2019లో వచ్చిన కొత్త రూపానికి ఆరు. ఇక ఎనిమిది రంధ్రాల భారీ పికప్‌లలో ఫోర్డ్ సూపర్ డ్యూటీకి 170, రామ్ 2500కి 165.1, 2011 తర్వాతి షెవర్లే 2500కి 180. స్నేహితుడు చౌకగా ఇస్తున్నాడని సంవత్సరం అడక్కుండా చక్రాలు తెచ్చుకుంటే అవి గరాజులో మూలకు చేరతాయి.

లోపలికా, బయటికా

అన్నిటికంటే ఎక్కువ గందరగోళం ఆఫ్‌సెట్ దగ్గర వస్తుంది. దీన్ని తీరిగ్గా చూద్దాం.

చక్రాన్ని నిలబెట్టి పక్కనుంచి చూస్తున్నట్టు ఊహించుకోండి. దాని వెడల్పును సరిగ్గా సగం చేస్తూ ఒక నిలువు గీత గీయండి. హబ్బుకు ఆనే చదును భాగం ఆ గీత మీదే ఉంటే ఆఫ్‌సెట్ సున్నా. ఆ భాగం గీత దాటి రోడ్డువైపుకు జరిగి ఉంటే ఆఫ్‌సెట్ ధనాత్మకం. అప్పుడు చక్రంలో ఎక్కువ భాగం బండి లోపలికి ఒదిగి ఉంటుంది. అది గీతకు ఇవతల, ఇంజను వైపుకు ఉంటే ఆఫ్‌సెట్ రుణాత్మకం. చక్రం బయటికి తోసుకొస్తుంది, ముఖం లోతైన గిన్నెలా కనిపిస్తుంది. చక్రం వెనక ఈటీ అన్న అక్షరాల పక్కన ఈ అంకె మిల్లీమీటర్లలో ఉంటుంది. ఆ అక్షరాలు జర్మన్ మాట నుంచి వచ్చాయి. అమెరికాలో కొన్ని చక్రాలకు దీనికి బదులు వెనక అంచు నుంచి హబ్బు ముఖం దాకా ఉన్న లోతును అంగుళాల్లో చెబుతారు. అప్పుడు చక్రానికి చెప్పిన వెడల్పుకు అంచుల మందం కోసం సుమారు ఒక అంగుళం కలుపుకోవాలి. 9 అంగుళాల చక్రానికి ఆఫ్‌సెట్ సున్నా అయితే ఆ లోతు సుమారు 5 అంగుళాలు వస్తుంది.

ఇప్పుడు లెక్కకు వద్దాం. బండికి ఉన్న చక్రం 7.5 అంగుళాల వెడల్పు, 33 ఆఫ్‌సెట్ అనుకుందాం. దుకాణంలో 9 అంగుళాల వెడల్పు, సున్నా ఆఫ్‌సెట్ ఉన్నది చూపించారు. వెడల్పు ఒకటిన్నర అంగుళం పెరిగింది, అంటే 38 మిల్లీమీటర్లు. అందులో సగం, 19 మిల్లీమీటర్లు, బయటికి వెళ్తుంది. ఆఫ్‌సెట్ తగ్గినందుకు చక్రం మొత్తంగా మరో 33 జరుగుతుంది. బయటి అంచు 52 మిల్లీమీటర్లు బయటికి వచ్చింది. రెండు అంగుళాల పైమాటే. రెండు వైపులా కలిపి బండి నాలుగు అంగుళాలు వెడల్పయింది. ఫొటోలో చాలా బాగుంటుంది. మలుపులో స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ఆ టైరు బంపరు వెనక భాగాన్నీ, మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్‌నూ గీరుతుంది. వానాకాలంలో చల్లే బురద తలుపుల మీదా, అద్దాల మీదా పడుతుంది.

అదే 9 అంగుళాల చక్రం 33 ఆఫ్‌సెట్‌తోనే దొరికిందనుకోండి. అప్పుడు లోపలికి 19, బయటికి 19. బయట బాగానే ఉంటుంది. లోపల మాత్రం టైరు అప్పర్ ఆర్మ్ (చక్రాన్ని పైనుంచి పట్టుకునే సస్పెన్షన్ కడ్డీ) దగ్గరికి వెళ్తుంది. వీ-క్రాస్, హైలక్స్ రెండింటికీ ముందు పైనొకటి, కిందొకటి ఆర్మ్ ఉండే డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్. పై ఆర్మ్ చివర ఉండే బాల్ జాయింట్ (చక్రం తిరగడానికి వీలిచ్చే గుండ్రని కీలు), టైరు లోపలి గోడ చాలా దగ్గరగా ఉంటాయి. అక్కడ 19 మిల్లీమీటర్లు తినేస్తే టైరు గోడను ఇనుము కోసే పరిస్థితి వస్తుంది. పైగా అది బయటికి కనిపించదు.

మధ్యేమార్గంగా 8.5 అంగుళాలు, 20 ఆఫ్‌సెట్ చూడండి. వెడల్పు పెరగడంవల్ల లోపలి అంచు 12.7 లోపలికి రావాలి. ఆఫ్‌సెట్ 13 తగ్గడంవల్ల అంతే బయటికి పోయింది. లోపలి అంచు ఉన్నచోటే ఉంది. బయటి అంచు మాత్రం 26 మిల్లీమీటర్లు, అంటే ఒక అంగుళం, బయటికి వచ్చింది. కాస్త నిండుగా కనిపించాలన్న కోరిక తీరుతుంది, సస్పెన్షన్ జోలికి పోదు. నా మట్టుకు నేను ఇంతకు మించి వెళ్లవద్దనే చెబుతాను. దానికి కారణం రాసుకోవడం ఒక్కటే కాదు.

ముందు చక్రం ఒక ఊహాగీత చుట్టూ తిరుగుతుంది. పై బాల్ జాయింట్‌నూ కింది బాల్ జాయింట్‌నూ కలుపుతూ ఆ గీతను నేలదాకా పొడిగిస్తే ఒకచోట తాకుతుంది. టైరు నడిమి భాగం నేలను తాకేది మరోచోట. ఈ రెండింటి మధ్య దూరాన్ని ఇంజనీర్లు బండి బరువును, బ్రేకులను, స్టీరింగ్‌ను లెక్కలోకి తీసుకుని నిర్ణయిస్తారు. ఆఫ్‌సెట్ తగ్గిన ప్రతి మిల్లీమీటరూ ఆ దూరాన్ని మారుస్తుంది. చక్రం చాలా బయటికి వెళ్తే ఒకవైపు టైరు గుంతలో పడినప్పుడు స్టీరింగ్ చేతిలోంచి లాక్కున్నట్టు తిరుగుతుంది. ఒక టైరు కంకర మీదా, మరొకటి తారు మీదా ఉండగా బ్రేకు వేస్తే బండి పక్కకు లాగుతుంది. బేరింగు మీద కూడా భారం పెరుగుతుంది. బిందెను ఒంటికి ఆనించి మోయడానికీ చేయి చాపి మోయడానికీ ఉన్న తేడా అది.

హబ్బుకూ చక్రానికీ మధ్య స్పేసర్ అనే మందపాటి పలక వేసినా ఇదే జరుగుతుంది. 33 ఆఫ్‌సెట్ ఉన్న చక్రానికి 30 మిల్లీమీటర్ల స్పేసర్ వేస్తే అది 3 ఆఫ్‌సెట్ చక్రమే. దానిపైన బిగించాల్సిన నట్లు రెండింతలయ్యాయి, లోపలి వరస నట్లు కంటికి కనిపించవు. లోడు ఎత్తే బండికి స్పేసర్ వేయించడం నాకు అస్సలు ఇష్టం లేదు.

పాత ఎండీవర్ చక్రాల సంగతి ఇప్పుడు చెప్పుకోవచ్చు. వాటి ఆఫ్‌సెట్ సుమారు 55. వీ-క్రాస్‌కు ఎక్కిస్తే చక్రం మొత్తం 22 మిల్లీమీటర్లు లోపలికి వస్తుంది. అంతకంటే ముందే మరో అడ్డంకి ఉంది. ఎండీవర్ చక్రం నడిమి రంధ్రం 93 మిల్లీమీటర్లు, ఇసుజు హబ్బు 100. అది కూర్చోనే కూర్చోదు. లేతులో రంధ్రం పెద్దది చేయించి ఎక్కిస్తామనే వాళ్లుంటారు. ఒప్పుకోకండి. రంధ్రం పెరిగినా ఆఫ్‌సెట్ మారదు.

నడిమి రంధ్రం

నా బండి వణుకు ఇక్కడి నుంచే వచ్చింది. హబ్బు మధ్యలో ఒక మెట్టు పైకి వచ్చి ఉంటుంది. కంపెనీ చక్రం రంధ్రం ఆ మెట్టు మీద సరిగ్గా ఒదుగుతుంది. నట్లు బిగించకముందే చక్రం తన కేంద్రాన్ని వెతుక్కుంటుంది. విడిగా తయారుచేసేవారు ఒకే చక్రాన్ని పది రకాల బండ్లకు అమ్మాలి కాబట్టి రంధ్రం పెద్దదిగా పెడతారు. హైలక్స్, ఫార్చ్యూనర్ హబ్బులు 106 మిల్లీమీటర్లు. వాటిని కూడా కలుపుకోవడానికి 6×139.7 చక్రాలకు చాలావరకు 106, లేదా 110 ఉంటుంది. ఇసుజు హబ్బు మీద అది వదులుగా కూర్చుంటుంది.

అప్పుడు చక్రాన్ని మధ్యకు తేవాల్సిన పని నట్ల మీద పడుతుంది. శంఖువు ఆకారపు నట్లు ఆ పని చేయగలవు, ఓపిగ్గా బిగిస్తే. చక్రం గాలిలో ఉండగా, చేతితో, ఎదురెదురు నట్లు వరసగా, కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రావాలి. నాకు వేయించినచోట జాకీ దించేసి, బండి బరువంతా చక్రం మీద ఉండగా, గాలి గన్నుతో ఒక్కో నట్టునూ ఒక్క ఊపులో బిగించారు. ఆ బరువు చక్రాన్ని ఒక పక్కకు నొక్కిపెట్టింది. అలాగే బిగుసుకుపోయింది. బ్యాలెన్సింగ్ యంత్రం చక్రాన్ని నడిమి రంధ్రం ఆధారంగా పట్టుకుంటుంది కాబట్టి దాని దృష్టిలో అంతా సరిగ్గానే ఉంది. లోపం చక్రంలో లేదు, చక్రం కూర్చున్న తీరులో ఉంది. అందుకే మూడు బ్యాలెన్సింగ్‌లూ వృథా అయ్యాయి.

దీనికి మందు చిన్న వస్తువు. బయట 110, లోపల 100 ఉన్న హబ్ రింగులు నాలుగు. ప్లాస్టిక్‌వీ వస్తాయి, అల్యూమినియంవీ వస్తాయి. బ్రేకు వేడికి అల్యూమినియంవే మంచివని అవే వేయించాను. రింగు బరువు మోయదు. బిగించిన నట్లు చక్రాన్ని హబ్బుకు అదిమిపట్టే రాపిడే బరువును మోస్తుంది. రింగు పని చక్రాన్ని మధ్యలో నిలబెట్టడం, అంతే. ఆ సాయంత్రమే అదే రోడ్డు మీద అదే వంద వేగంతో వెళ్లాను. స్టీరింగ్ మీద రెండు వేళ్లు ఆనించి చూశాను. ఏ అదురూ లేదు.

నట్లను తేలిగ్గా తీసుకోకండి

చక్రంలో నట్టు కూర్చునే గుంట ఆకారం, నట్టు ఆకారం ఒకటే కావాలి. విడిగా అమ్మే చక్రాలకు ఎక్కువగా 60 డిగ్రీల శంఖువు గుంట ఉంటుంది. టయోటా కంపెనీ అల్లాయ్ చక్రాలకు చాలావాటికి చదునైన వాషరుతో వచ్చే పొడుగు మెడ నట్లు ఉంటాయి. ఆ నట్లను తీసుకెళ్లి శంఖువు గుంటలో బిగిస్తే అంచు మాత్రమే తాకుతుంది. బిగింపు పడినట్టే ఉంటుంది, లోపల పట్టు ఉండదు. అందుకని చక్రాలతోపాటు వాటికి తగిన నట్లు కూడా కొనాలి. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

మర విషయం కూడా ఉంది. వీ-క్రాస్, హైలక్స్ స్టడ్లు ఎం12×1.5. అంటే 12 మిల్లీమీటర్ల లావు, ఒక చుట్టుకు ఒకటిన్నర మిల్లీమీటరు ముందుకు. ఎఫ్-150 స్టడ్ 14 మిల్లీమీటర్ల లావు. 2014 దాకా దాని మర 2.0, 2015 నుంచి 1.5. పాత నట్టు కొత్త స్టడ్‌కు ఒకటి రెండు చుట్లు ఎక్కి ఆగిపోతుంది. దాన్ని గన్నుతో లోపలికి తోస్తే మర పాడవుతుంది.

నేను ప్రతిసారీ చేసే పరీక్ష ఒకటి చెబుతాను. స్టడ్ ఎంత లావుందో కనీసం అంత పొడుగు నట్టు దానిని పట్టుకోవాలి. ఎం12×1.5కి 12 మిల్లీమీటర్లు, అంటే ఎనిమిది చుట్లు. చక్రం పెట్టి, నట్టును చేత్తో తిప్పుతూ గట్టిపడేదాకా చుట్లు లెక్కపెట్టండి. ఎనిమిది కంటే తక్కువ వస్తే ఆ చక్రం హబ్బు ముఖం దగ్గర మరీ మందంగా ఉందన్నమాట, లేదా ఆ నట్టు పొట్టిదన్నమాట. పక్కనున్నవారికి వింతగా ఉన్నా వేళ్లతో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకోవడంలో తప్పులేదు.

మోసే బరువు

పికప్ అంటేనే లోడు. కారు చక్రం కొనేటప్పుడు ఎవరూ బరువు అడగకపోయినా గడిచిపోవచ్చు. పికప్‌కు గడవదు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ విషయంలో చూపే నిర్లక్ష్యమే.

ప్రతి ఇరుసు మీదా ఎంత భారం పడవచ్చో కంపెనీ నిర్ణయిస్తుంది. వెనక ఇరుసు పరిమితి 1,800 కిలోలు అనుకుందాం. రెండు చక్రాలు పంచుకుంటాయి కాబట్టి ఒక్కోటి కనీసం 900 మోయాలి. చక్రం వెనక మ్యాక్స్ లోడ్ అన్న మాట పక్కన ఆ అంకె పోతపోసి ఉంటుంది. కార్ల కోసం తయారైన చక్రాలకు తరచుగా 690 కిలోలు ఉంటుంది. ముఖం అందంగా ఉందని అలాంటిదాన్ని పికప్‌కు వేసి, వెనక పాతిక కిలోల బియ్యం బస్తాలు ముప్పై ఎక్కించి, గుంతల రోడ్డు మీద నడిపితే ఏమవుతుంది? అల్లాయ్ ఇనుములా వంగి ఊరుకోదు, పగులుతుంది. పగులు మొదట స్పోకు మొదట్లో వెంట్రుకవాసిలా కనిపిస్తుంది. గాలి నెమ్మదిగా తగ్గుతుంటే పంచరనుకుని టైరును తిప్పి తిప్పి వెతుకుతాం. అమెరికాలో పికప్‌ల కోసం చేసిన చక్రాలకు ఈ అంకె పౌండ్లలో ఉంటుంది. 2,500 పౌండ్లంటే సుమారు 1,134 కిలోలు.

టైరు కూడా అంతే మోయగలగాలి. టైరు పక్కగోడ మీద కొలత తర్వాత వచ్చే రెండు మూడు అంకెల సంఖ్య దాని భార సూచిక. 108 అంటే 1,000 కిలోలు, 112 అంటే 1,120. కొత్త టైరు సూచిక కంపెనీ టైరు సూచిక కంటే తగ్గకూడదు.

చక్రం మీద ఏ అంకే లేకపోతే? కొనకండి. జపాన్ ప్రమాణానికి జేడబ్ల్యూఎల్ గుర్తు ఉంటుంది, లారీలు, బస్సుల చక్రాలకు అదే చివర టి అక్షరంతో వస్తుంది. విడిగా అమ్మే చక్రాల కోసం అమెరికాలో ఎస్‌ఏఈ జే2530 అన్న ప్రమాణం ఉంది. గుర్తులను కూడా నకిలీ చేయవచ్చు, నిజమే. బరువు అంకె, గుర్తు రెండూ లేని చక్రం గురించి మాత్రం ఆలోచించనే అక్కర్లేదు. రోజూ లోడు ఎత్తే బండికయితే ఇనుప చక్రాలే మేలని నా అభిప్రాయం. వంగినా ఊరి దగ్గరలో సరిచేసేవాడు దొరుకుతాడు.

ఎత్తు ఎంత పెంచాలి?

నా బండికి కంపెనీ వేసిన టైరు 255/60 ఆర్18. దీని అర్థం వెడల్పు 255 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 60 శాతం అంటే 153, రిమ్ము 18 అంగుళాలు. మొత్తం ఎత్తు 763 మిల్లీమీటర్లు. చాలామంది ఇష్టపడే 265/70 ఆర్17కి మారితే 803 వస్తుంది. ఐదు శాతం పెరిగింది. మీటరు ముల్లు పాత చోటే ఉన్నా బండి అంతకుముందు కంటే ఐదు శాతం ఎక్కువ వేగంతో పోతుంది. వెయ్యి కిలోమీటర్లు తిరిగితే 950 అని నమోదవుతుంది. నేలకూ బండికీ మధ్య దూరం పెరిగేది మాత్రం 20 మిల్లీమీటర్లే, ఎందుకంటే టైరు పెరిగినదాంట్లో సగమే ఇరుసు కిందికి వస్తుంది. హైలక్స్‌కు వచ్చే 265/60 ఆర్18 అయితే 775. ఒకటిన్నర శాతం తేడా. దానితో ఇబ్బంది లేదు.

20 అంగుళాల రిమ్ము మీద మొత్తం ఎత్తు అంతే ఉంచాలంటే 265/50 లాంటి టైరు వేయాలి. పక్కగోడ 132కి తగ్గుతుంది. గుంతలో దెబ్బను మింగేది ఆ గోడే. మన రోడ్లకూ, పొలం బాటలకూ 17 అంగుళాలు, 265/65 టైరు ఎంతో హాయి. పక్కగోడ 172 ఉంటుంది, మొత్తం 776. అయితే రిమ్ము చిన్నదవుతున్నప్పుడు బ్రేకు క్యాలిపర్ (చక్రం లోపల బ్రేకు ప్యాడ్లను పట్టుకునే భాగం) తగలకుండా చూసుకోవాలి. ఒకే 17 అంగుళాల చక్రాల్లో కూడా స్పోకుల వంపును బట్టి ఒకటి తగులుతుంది, ఒకటి తగలదు.

స్టెప్నీని అందరూ మరిచిపోతారు. పికప్‌లలో అది లోడు పెట్టె కింద గొలుసుకు వేలాడుతుంది. ఆ గొలుసు చివరి పలక చక్రం నడిమి రంధ్రంలో ఇరుక్కుని దాన్ని పట్టుకుంటుంది. కొత్త చక్రం రంధ్రం ఆకారం వేరైతే పలక నిలవదు. టైరు మరీ పెద్దదైతే ఆ చోటులో పట్టదు. నాలుగు కొత్త టైర్లు 803 ఎత్తుండి స్టెప్నీ 763 ఉంటే, అడవి బాటలో పంచరైన రోజున ఫోర్ వీల్ డ్రైవ్ వేయకూడదు. అందుకే ఐదు చక్రాల ధర అడగండి. అమెరికాలోనైతే గాలి ఒత్తిడి చూపే సెన్సార్ల ఖర్చు కూడా కలుపుకోవాలి. 2007 సెప్టెంబరు నుంచి అక్కడ కార్లకూ తేలికపాటి పికప్‌లకూ ఆ ఏర్పాటు తప్పనిసరి. పాత చక్రాల్లోని సెన్సార్లను విప్పి బిగించవచ్చు, బ్యాటరీలు మిగిలి ఉంటే.

చట్టం గురించి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా ఉండేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగా సమర్థించింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్‌లో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని ఉంది. అదే బండి వేర్వేరు రకాలకు కంపెనీ ఇచ్చే కొలతల్లోనే ఉండిపోతే మనసు నిశ్చింతగా ఉంటుంది. బీమా సంస్థకు చక్రాలు మార్చిన సంగతి రాతపూర్వకంగా తెలియజేయండి.

డబ్బు కట్టే ముందు ఒక్క పని చేయించుకోండి. టైరు ఎక్కించక ముందే ఉత్త చక్రాన్ని ముందు హబ్బుకు పెట్టి చూడమనండి. ఒకసారి టైరు ఎక్కాక గీతలు పడ్డాయని చాలా దుకాణాలు వెనక్కి తీసుకోవు. చక్రం పెట్టాక చేత్తో తిప్పండి. క్యాలిపర్‌కూ చక్రానికీ మధ్య వేలు దూర్చి చూడండి, బ్యాలెన్సింగ్ సీసం ముక్క అతికించడానికి చోటుందా అని. స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పించండి. కింద పడుకుని అప్పర్ ఆర్మ్ దగ్గర ఎంత ఖాళీ ఉందో టార్చి వేసి చూడండి. వెనక్కి తిప్పి ఆ అంకెలన్నీ ఫోనులో ఫొటో తీసుకోండి.

తర్వాత టైర్లు వేయించి, గన్ను వద్దని చెప్పి, మీ బండి పుస్తకంలో ఇచ్చిన అంకెకు టార్క్ రెంచితో (ఎంత బిగువు పడిందో చూపే పానాతో) బిగించమనండి. ఎనభై నుంచి వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అదే రెంచి పెట్టించండి. కొత్త చక్రం గుంటల్లోని రంగు నలిగి, నట్లు కొద్దిగా సడలుతాయి. రింగులు వేయించిన నాలుగో రోజున నేనే పెట్టి చూశాను. ఇరవై నాలుగు నట్లలో ఐదు పావు చుట్టు తిరిగాయి.